పురుగుల పుస్తకం ఏది కొనాలి?

ప్రశ్న: మా బడి పిల్లలకు పురుగులంటే మహా ఆసక్తి. విదేశీ వీడియోలు చూసి, కనిపించిన ప్రతిదానికీ ఏదో ఒక పేరు పెట్టేస్తున్నారు. మన ప్రాంతపు పురుగులను గుర్తుపట్టడానికి మంచి పుస్తకాలు, వీడియోలు సూచించండి. ఫోటో తీస్తే ఫోనే పేరు చెబుతోంది కదా, పుస్తకం అవసరమంటారా?
- ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం జిల్లా

జవాబు: అవసరమే. కానీ కీటకాలన్నిటినీ రెండు అట్టల మధ్య ఇరికించిన లావుపాటి పుస్తకం మాత్రం వద్దు. మన దేశంలో ఒక్క సీతాకోకచిలుకలే 1,300 రకాలకు పైగా ఉన్నాయి, ఇక మిగతావాటి సంగతి చెప్పేదేముంది! అన్నీ ఉన్న పుస్తకంలో మీ పెరట్లోని పురుగు ఉండకపోవచ్చు. ఒక ప్రాంతానికి, ఒక రకం పురుగులకే పరిమితమైనది ఎంచుకోండి. కృష్ణమేఘ్ కుంటే రాసిన ‘బటర్‌ఫ్లైస్ ఆఫ్ పెనిన్సులర్ ఇండియా’ను 2000లో హైదరాబాద్‌లోని యూనివర్సిటీస్ ప్రెస్ ప్రచురించింది. తూనీగలకైతే కె.ఎ. సుబ్రమణియన్ రాసిన ‘డ్రాగన్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా’ ఉంది, 2009లో విజ్ఞాన్ ప్రసార్ వేసింది. ప్రాంతం ఎందుకు ముఖ్యమో జిల్లేడు చెట్టు దగ్గర తేలిపోతుంది. దాని ఆకులు తిని పెరిగి, నారింజ రంగు రెక్కలతో తిరిగే సీతాకోకచిలుక ప్లెయిన్ టైగర్‌ను అమెరికా వీడియోలు చూసిన పిల్లలు మోనార్క్ అనేస్తారు. రెండూ దగ్గరి చుట్టాలే కాబట్టి ఆ పొరపాటు సహజం. మన ప్రాంతపు పుస్తకం చేతిలో ఉంటే ఆ పొరపాటుకు తావుండదు.

ఇక ఫోన్ సంగతి. అది చెప్పేది అంచనా, నిర్ధారణ కాదు. కరివేపాకు, నిమ్మ చెట్ల మీద పెరిగే సీతాకోకచిలుక కామన్ మార్మన్‌నే తీసుకోండి. దీని ఆడవాటిలో కొన్ని అచ్చం కామన్ రోజ్ అనే మరో సీతాకోకచిలుక రెక్కలతో పుడతాయి. కామన్ రోజ్ గొంగళి దశలో ఈశ్వరి తీగ తిని ఒంట్లో విషం నింపుకుంటుంది గనుక పక్షులు దాని జోలికి పోవు. మార్మన్ ఆ వేషం వేసుకుని బతికిపోతుంది. రోజ్ ఒళ్లు ఎర్రగా, మార్మన్ ఒళ్లు నల్లగా ఉంటుంది. ఫోటోలో రెక్కలే పడి ఒళ్లు పడకపోతే ఫోనేం చేస్తుంది? ఎక్కడ చూడాలో తెలిసిన పిల్ల తీసిన ఫోటోకే ఫోన్ పనికొస్తుంది, ఆ చూపు పుస్తకం వల్ల అలవడుతుంది. కాబట్టి ఐనేచురలిస్ట్ లాంటి యాప్‌ను మానెయ్యమనను. ముందు పుస్తకంలో వెతికించి, తర్వాత యాప్‌లో పెట్టించండి. అక్కడ తెలిసినవాళ్లు తప్పులు దిద్దుతారు కూడా.

ఈ పుస్తకాలు ఇంగ్లిషులో ఉన్నాయి, పల్లెటూరి పిల్లలకు ఎలా అని మీరు అడగవచ్చు. ఇబ్బందే, కాదనను. అయితే గుర్తుపట్టే పనిలో సగం బొమ్మలది, మిగతా సగంలో ఎక్కువ భాగం మొక్కలది. ఏ పురుగు ఏ మొక్క తింటుందో మీరు పుస్తకం అంచున తెలుగులో రాసిపెడితే చాలు. మొక్కల విషయంలో పిల్లలే మీకు చెబుతారు.

వీడియోలు గుర్తుపట్టడానికి కాదు, పురుగు బతుకు చూడటానికి. అందుకు 2005లో బీబీసీ కోసం డేవిడ్ ఆటెన్‌బరో చేసిన ‘లైఫ్ ఇన్ ది అండర్‌గ్రోత్’ మేలైనది. తెలుగులో దొరికేవి ఎక్కువగా పంట పురుగుల వీడియోలు. అవీ మంచివే, కానీ వాటి చూపంతా మిత్ర పురుగా, శత్రు పురుగా అన్నదాని మీదే. అందులోనూ తొందర కూడదు. పేనుబంకను తినే అక్షింతల పురుగు నున్నగా మెరుస్తుంది, వంగ ఆకును జల్లెడ చేసేది సన్నని నూగుతో మసకగా ఉంటుంది. రెండింటినీ ఒకే గాటన కట్టి మందు కొడితే రైతుకే నష్టం.

ఒక్కటే కొనగలిగితే సీతాకోకచిలుకల పుస్తకం కొనండి. వానలు వెనకబట్టాక, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అవి బాగా కనిపిస్తాయి. ఆలోపు బడి ఆవరణలో ఒక కరివేపాకు, ఒక నిమ్మ మొక్క నాటించండి.