వరి ఆకులో జీవశాస్త్ర పాఠము
ప్రశ్నలు – జవాబులు

కళాశాలలలో జీవశాస్త్రము చదువు విద్యార్థులకు పరీక్షలలో నాలుగు అంశములపై ప్రశ్నలు తప్పక వచ్చును. అవి జీవకణము, మొక్క, సూక్ష్మజీవి, జన్యువు. ఈ నాలుగింటికిని ఒక్క వరి ఆకులోనే జవాబులు దొరకును. సాంబ మసూరి పండించు రైతుకు బాక్టీరియా ఎండాకు తెగులు కొత్త కాదు. ఆ తెగులు ఆకులోనికి ఎట్లు ప్రవేశించును, కొన్ని మందులు ఎంత చల్లినను ఏల పనిచేయవు, విత్తనములోనే దానికి నిరోధక శక్తిని ఎట్లు చేర్చిరి అను సంగతులు తెలిసినచో రైతుకు డబ్బును మిగులును, పంటయును దక్కును. కనుక విద్యార్థులు చదువు పాఠమునే రైతు సోదరులకును, గ్రామాధికారులకును పనికివచ్చునట్లు ఇచ్చట ప్రశ్నోత్తరముల రూపమున ఇచ్చుచున్నాము.

ఈ పాఠమునకు సంబంధించిన మూడు చోట్లు హైదరాబాదులోనే ఉన్నవి. నగరమునకు పడమట, హైటెక్ సిటీ చేరువన కొత్తగూడ కలదు. కొత్తగూడెము వేరు, ఈ కొత్తగూడ వేరు. ఇచ్చటి రిజర్వు అడవిలో కోట్ల విజయభాస్కరరెడ్డి పేరిట బొటానికల్ గార్డెను ఉన్నది. చుట్టును మేడలు లేచినను చెట్టును, గడ్డిని దగ్గరనుండి చూచుటకు అది తగిన చోటు. నగరమునకు తూర్పున హబ్సిగూడలో సి.సి.ఎం.బి. అను కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమును, దక్షిణమున రాజేంద్రనగరులో వరి పరిశోధన సంస్థయు ఉన్నవి. ఈ రెండు సంస్థల శాస్త్రజ్ఞులు కలిసి పనిచేసి, ఎండాకు తెగులును తట్టుకొను సాంబ మసూరిని రూపొందించిరి. అది 2008లో విడుదలైనది.

కణము

ప్రశ్న 1. వరి కణమునకును, తెగులు కలిగించు బాక్టీరియా కణమునకును తేడా యేమి?

జవాబు: ఇటుకలతో గోడ కట్టినట్లు, కణములతో మొక్క కట్టబడినది. వరి కణమునకు బయట గట్టి గోడయు, లోపల కేంద్రకమును ఉండును. కేంద్రకములో 24 క్రోమోసోములు, అనగా 12 జతలు ఉండును. జతలో ఒకటి తల్లి వైపునుండి, ఒకటి తండ్రి వైపునుండి వచ్చినవి. వంశ లక్షణములను మోయు జన్యువులు ఈ క్రోమోసోములపైననే ఉండును.

బాక్టీరియా ఒకే ఒక కణము. దానికి కేంద్రకము లేదు. ఎండాకు తెగులు కలిగించు బాక్టీరియా పేరు జాంతోమొనాస్ ఒరైజే. ఇది చిన్న కడ్డీ ఆకారమున ఉండి, ఒక చివర తోకవంటి పోగుతో నీటిలో ఈదును. దీని పొడవు మిల్లీమీటరులో సుమారు వెయ్యవ వంతునుండి అయిదు వందలవ వంతు వరకు ఉండును. కంటికి కనబడదు.

ప్రశ్న 2. ఈ తేడా తెలిసినందువలన రైతుకు లాభమేమి?

జవాబు: అగ్గి తెగులు, పాముపొడ తెగులు బూజు జాతి జీవులవలన వచ్చును. వాటికి చల్లు మందులు బూజు కణములో జరుగు పనులను చెడగొట్టును. బాక్టీరియా కణము నిర్మాణమే వేరు. కావున అగ్గి తెగులు మందును ఎండాకు తెగులుపై చల్లినచో ఖర్చే గాని ఫలితముండదు. మందు కొనుటకు ముందే తెగులు ఏదో తేల్చుకొనవలెను.

అందులకు సులభమైన పరీక్ష కలదు. తెగులు క్రొత్తగా సోకిన ఆకును తీసికొని, పసుపు రంగును పచ్చ రంగును కలియు చోట కత్తిరించి, గాజు గ్లాసులోని తేటనీటిలో కత్తిరించిన కొనను ముంచి కొన్ని నిమిషములు కదల్చక ఉంచవలెను. కోసిన చోటునుండి పాలవంటి మడ్డి సన్నని ధారగా దిగినచో అది బాక్టీరియా తెగులని గుర్తింపవచ్చును. ఆ మడ్డిలో ఉన్నవి లెక్కలేనన్ని బాక్టీరియాలే.

మొక్క

ప్రశ్న 3. బాక్టీరియా ఆకులోనికి ఏ దారిన పోవును?

జవాబు: తెల్లవారుజామున వరి మడిలోగాని, కొత్తగూడ గార్డెనువంటి చోట నీరు పెట్టిన పచ్చికలోగాని చూచినచో ఆకు కొనల చివర నీటి బొట్లు వరుసగా నిలిచి కనబడును. మంచు ఆకంతట పడును. ఈ బొట్లు మాత్రము కొనలందును, అంచులందును మాత్రమే ఉండును. రాత్రివేళ వేళ్ళు పీల్చిన నీరు ఎక్కువై, ఆకు అంచులందున్న నీటి రంధ్రములగుండ బయటకు వచ్చుటయే దీనికి కారణము. ఈ రంధ్రములు లోపల నీటిని మోయు గొట్టములతో కలిసియుండును.

గాలివానకు ఎగిరిన తుంపరలలోని బాక్టీరియా ఈ బొట్లలో పడును. ఎండ రాగానే ఆకు కొంత నీటిని తిరిగి లోనికి పీల్చుకొనును. ఆ నీటితోబాటు బాక్టీరియా కూడ లోనికి పోయి నీటి గొట్టములలో చేరును. అందుచేతనే ఈ తెగులు సాధారణముగా ఆకు కొననుండి మొదలై, అంచుల వెంబడి అలలవలె క్రిందికి దిగును. ఆకు పసుపై, తరువాత గడ్డి రంగు పొంది ఎండును.

బాక్టీరియాకు రెండవ దారి గాయములు. నాటు వేయునపుడు నారు కొనలను త్రుంచు అలవాటు కొన్ని చోట్ల కలదు. తెగులు వచ్చు ప్రాంతములలో ఈ అలవాటు మానవలెను. త్రుంచిన ప్రతి కొనయు బాక్టీరియాకు తెరచిన తలుపే. లేతనారుకు తెగులు సోకినచో మొక్క మొత్తము వాడి చచ్చును.

సూక్ష్మజీవి

ప్రశ్న 4. కంటికి కనబడని జీవి కొద్దిరోజులలో పొలమంతటిని ఎట్లు ఎండబెట్టును?

జవాబు: బాక్టీరియా ఒకటి రెండుగా, రెండు నాలుగుగా చీలి పెరుగును. ఒక్క బాక్టీరియా ఇరువది మార్లు చీలినచో 10 లక్షలు దాటును. ఉదయమున తెగులు ఆకులపై నిలుచు పాలరంగు చుక్కలు ఎండి చిన్న పసుపు పూసలగును. వాన పడగానే అవి కరిగి నీటిలో కలియును. ఒక మడినుండి మరొక మడికి పారు నీరే వాటికి బండి.

ఈ తెగులును 1884లోనే జపానులోని ఫుకువోకా ప్రాంతమున రైతులు గుర్తించిరి. మన దేశమున 1963లో బీహారులో ఇది తీవ్రముగా వచ్చినది. ఎరువును బాగుగా గ్రహించు పొట్టి రకములు వ్యాపించిన పిదప దీని బెడద పెరిగినది. యూరియా ఎక్కువైనచో ఆకులు మెత్తగా, దట్టముగా పెరుగును. అట్టి పైరులో తేమ ఆరదు. తెగులు త్వరగా ప్రాకును.

ప్రశ్న 5. బాక్టీరియాకు ఆహారమెట్లు దొరకును?

జవాబు: ఇది దొంగతనమే. మొక్క కణములో చక్కెరను బయటకు పంపు ద్వారములు కొన్ని కలవు. వాటిని తెరచు మీట జన్యువులలో ఉండును. బాక్టీరియా సూదివంటి సాధనముతో కొన్ని ప్రోటీనులను వరి కణములోనికి పంపును. ఆ ప్రోటీను మీటను నొక్కగానే చక్కెర బయటకు వచ్చును. బాక్టీరియా దానిని తినును. అనగా ఇంటివానిచేతనే తలుపు తీయించి దోచుకొను దొంగ ఇది. ఈ సంగతి గుర్తుంచుకొన్నచో తరువాతి భాగము తేలికగా బోధపడును.

ప్రశ్న 6. ఆంటీబయాటిక్ మందు చల్లినచో సరిపోదా?

జవాబు: తెగులు ఆకు లోపలి గొట్టములలో ఉండును. పైన చల్లిన మందు అంతటికి చేరుట కష్టము. మరియు లక్షల బాక్టీరియాలలో మందును తట్టుకొనునవి కొన్ని ఉండవచ్చును. మాటిమాటికి చల్లినచో మిగిలినవి చచ్చి, తట్టుకొనునవే పెరుగును. మనుష్యుల, పశువుల వైద్యమునకు కావలసిన మందులకు కూడ ఈ విధముగా శక్తి తగ్గు ప్రమాదమున్నది. కనుక వ్యవసాయాధికారి సలహా లేనిదే అట్టి మందులను వాడరాదు.

జన్యువు

ప్రశ్న 7. నిరోధక శక్తి విత్తనములో ఎట్లుండును?

జవాబు: సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, బాపట్లలో రూపొంది 1986లో విడుదలైనది. సన్నని గింజ, మంచి అన్నము దాని గుణములు. ఎండాకు తెగులుకు లొంగుట దాని లోపము. ఆ లోపమును తీర్చుటకు శాస్త్రజ్ఞులు మూడు జన్యువులను చేర్చిరి. అవి ఎక్స్ఏ 5, ఎక్స్ఏ 13, ఎక్స్ఏ 21. ఇవి వరుసగా 5, 8, 11వ క్రోమోసోములపై ఉన్నవి.

ఎక్స్ఏ 21 కాపలాదారువంటిది. కణము అంచున నిలిచి, బాక్టీరియా గుర్తును పసిగట్టి మొక్కను హెచ్చరించును. ఇది ఆఫ్రికాలోని మాలి దేశమునకు చెందిన ఒక అడవి వరినుండి వచ్చినది. 1995లో శాస్త్రజ్ఞులు దీనిని విడదీసి గుర్తించిరి. ఎక్స్ఏ 13 ఉన్న మొక్కలో పైన చెప్పిన చక్కెర ద్వారపు మీట మారియుండును. దొంగ నొక్కినను అది తెరచుకొనదు. ఎక్స్ఏ 5 ఉన్నచోట, బాక్టీరియా ప్రోటీను పట్టుకొనవలసిన పిడి మారియుండుటచే పట్టు చిక్కదు.

ప్రశ్న 8. ఒక్క జన్యువు చాలదా?

జవాబు: ఒకే తాళమునకు దొంగ మారుతాళము చేసికొనవచ్చును. ఎక్స్ఏ 21 ఒక్కటే ఉన్న వరిని జయించు బాక్టీరియా రకములు కొన్ని బయటపడినవి. మూడు వేరువేరు తాళములను ఒక్కమారు తెరచుట దానికి చాల కష్టము.

ప్రశ్న 9. బహిర్గత, అంతర్గత లక్షణములనగా నేమి?

జవాబు: జతలో ఒక్కటి ఉన్నను పనిచేయు జన్యువు బహిర్గతము. ఎక్స్ఏ 21 అట్టిది. జతలో రెండును ఉన్నగాని పనిచేయనిది అంతర్గతము. ఎక్స్ఏ 5, ఎక్స్ఏ 13 అట్టివి. మూడింటిని ఒక్కొక్కటిగా మోయు మొక్క తన పుప్పొడితో తానే ఫలించినచో, ఒక్కొక్క జన్యువు జతగా వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశముండును. మూడును జతలుగా రావలెనన్నచో 4×4×4, అనగా 64 మొక్కలలో సుమారు ఒక్కటి మాత్రమే దొరకును.

ప్రశ్న 10. సాంబ మసూరి గింజ గుణము చెడకుండ ఈ జన్యువులను ఎట్లు చేర్చిరి?

జవాబు: మూడు జన్యువులున్న వరితో సాంబ మసూరిని సంకరపరచిరి. పుట్టిన మొక్కలో సాంబ మసూరి పాలు సగము. దానిని తిరిగి సాంబ మసూరితో సంకరపరచినచో ముప్పాతిక, మరల చేసినచో ఎనిమిదింట ఏడు వంతులగును. ఇట్లు నాలుగు మార్లు వెనుక సంకరము చేసినచో సగటున 32లో 31 వంతులు, అనగా నూటికి సుమారు 97 పాళ్ళు సాంబ మసూరియే ఉండును.

ఇచ్చట ఒక చిక్కున్నది. వెనుక సంకరములో అంతర్గత జన్యువు దాగియుండును. తెగులు అంటించి చూచినను అది బయటపడదు. అందుచేత చిన్న ఆకుముక్క తీసి, అందలి డి.ఎన్.ఎ.లో గుర్తులు చూచి, మూడు జన్యువులను మోయు మొక్కలను ఏరిరి. ఇది సంకరము, ఎంపిక పద్ధతియే. ప్రయోగశాలలో పరాయి జన్యువును కణములోనికి చొప్పించిన పంట కాదు.

ప్రశ్న 11. రైతు ఈ విత్తనమును దాచుకొనవచ్చునా?

జవాబు: దాచుకొనవచ్చును. వరిపువ్వు చాలవరకు తన పుప్పొడితో తానే ఫలించును. మూడు జన్యువులును జతలుగా ఉన్నందున పిల్లమొక్కలకు కూడ అవే వచ్చును. సంకర వరి విత్తనమునకు ఈ వీలు లేదు. అయినను విత్తనపు మడికిని, వేరు రకపు మడికిని కనీసము 3 మీటర్ల ఎడమ ఉంచవలెను. పరాయి పుప్పొడి పడినచో ఆ గింజలనుండి పుట్టిన మొక్కలలో రెండు అంతర్గత జన్యువులు పనిచేయవు. కేళీలను పూతకు ముందే పీకివేయవలెను. గింజను చూచి పాత సాంబ మసూరి ఏదో, మెరుగుపరచినది ఏదో గుర్తించుట కష్టము. కావున నమ్మకమైన చోట కొని, బిల్లును, సంచికి కట్టిన ట్యాగును పంట ఇంటికి చేరువరకు భద్రపరచవలెను.

గుర్తుంచుకొనవలసినవి

ఈ మూడు జన్యువులు ఎండాకు తెగులుకే పనిచేయును. అగ్గి తెగులును, దోమపోటును ఇవి ఆపవు. వాటికి వేరుగా జాగ్రత్త తీసికొనవలెను. తెగులు కనబడిన పొలములో నీటిని తీసి ఆరగట్టవలెను. ఆ నీటిని ప్రక్క మడికి వదలరాదు. తెగులు తగ్గువరకు యూరియా వేయరాదు. నత్రజనిని ఒకేసారి వేయక విడతలుగా వేయవలెను. గట్లపై కలుపును, పొలములో అడవి వరిని తీసివేయవలెను. అవి పంట లేని కాలమున బాక్టీరియాకు ఆశ్రయమిచ్చును.

అభ్యాసము

గ్రామములలోని యువజనులు ఈ క్రింది ప్రశ్నలకు తమంతట జవాబులు వ్రాసి, పిమ్మట సరిచూచుకొనవచ్చును.

1. ఒక అంతర్గత జన్యువును మోయు మొక్క తనంతట ఫలించి 400 మొక్కలనిచ్చినది. ఆ జన్యువు జతగా ఉన్నవి ఎన్ని ఉండవచ్చును?
2. మూడవ వెనుక సంకరము తరువాత సాంబ మసూరి పాలు ఎంత?
3. నీటి పరీక్షలో మడ్డి దిగలేదు. రైతు ఏమి చేయవలెను?

జవాబులు: 1. సుమారు 100. 2. సగటున 16లో 15 వంతులు, అనగా నూటికి 94 పాళ్ళు. 3. కారణము వేరై ఉండవచ్చును. మందు కొనక ముందే ఆకులను, వేళ్ళతో పీకిన మొక్కను వ్యవసాయ విస్తరణాధికారికి చూపవలెను.

కళాశాలకు పోవు పిల్లలున్న ఇండ్లలో ఈ పాఠమును వారిచేత చదివించి, మడిలో గ్లాసు నీటితో పరీక్ష చేయించినచో వారికి చదువును, తల్లిదండ్రులకు పంటయును రెండును కలిసివచ్చును. రానున్న నారుమడి కాలమునకు ముందే విత్తనము నిర్ణయించుకొనుట రైతు సోదరులకు శ్రేయస్కరము.