మాంబట్టు బూట్లు, నైకీ ఆత్మకథ

పులికాట్ సరస్సుకు చేరువలో, తడ మండలం మాంబట్టులో తైవాన్ మూలాలున్న అపాచీ సంస్థ ఆడిడాస్ బూట్లు తయారుచేస్తోంది. కార్మికుల్లో ఎక్కువమంది మహిళలే. తడ 2022 ఏప్రిల్ 4 వరకు నెల్లూరు జిల్లాలోది, ఇప్పుడు తిరుపతి జిల్లా. పోటీ పరీక్షలకు పాత పుస్తకాలతో చదివేవారు జాగ్రత్త!

ఆడిడాస్‌కు ప్రధాన పోటీదారు నైకీ. దాని సహ వ్యవస్థాపకుడు ఫిల్ నైట్ ఆత్మకథ ‘షూ డాగ్’ 2016లో వెలువడింది. 1964లో నైట్, ఆయనకు పరుగు నేర్పిన కోచ్ బిల్ బోవర్‌మన్ చెరో 500 డాలర్లు వేసుకుని అమెరికాలోని ఒరెగాన్‌లో ‘బ్లూ రిబ్బన్ స్పోర్ట్స్’ మొదలుపెట్టారు. సొంత సరుకేమీ లేదు. జపాన్ నుంచి ఒనిట్సుకా కంపెనీ టైగర్ బూట్లు తెప్పించి, నైట్ కారు డిక్కీలో వేసుకుని పరుగు పోటీల దగ్గర అమ్మేవాడు. ఆ ఒనిట్సుకాయే నేటి ఆసిక్స్. 1971లో నైకీ పేరు, స్వూష్ గుర్తు వచ్చాయి. గుర్తు గీసిన విద్యార్థిని కరొలిన్ డేవిడ్‌సన్‌కు అప్పుడు ముట్టింది 35 డాలర్లే. 1980లో కంపెనీ షేర్లు మార్కెట్‌కు వచ్చాయి. ప్రధాన కథ అక్కడితో ఆగుతుంది. అప్పుల తిప్పలు దాచకుండా చెప్పడమే ఈ పుస్తకం బలం.

జతపరచే ప్రశ్నల కోసం ఇదీ గుర్తుంచుకోండి: ఆడిడాస్ స్థాపకుడు జర్మనీకి చెందిన అడాల్ఫ్ డాస్లర్, ప్యూమా స్థాపకుడు ఆయన అన్న రుడాల్ఫ్.