తీరం చల్లన, లోయ వేడి

ప్రశ్న: కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో ఉంటున్నాం. లాస్ ఏంజెలిస్ వాతావరణ సూచన మా ఊరికి సరిపోవడం లేదు, ఎందుకు? ఆగస్టులో అనంతపురం నుంచి వచ్చే అమ్మానాన్నలను పామ్ స్ప్రింగ్స్ తీసుకెళ్లవచ్చా?

జవాబు: పసిఫిక్ మీది చల్లని, తేమగల గాలిపొర వేసవిలో లాస్ ఏంజెలిస్ తీరాన్ని కప్పి ఉంచినా, లోపలికి వచ్చేకొద్దీ పలచబడి, రివర్‌సైడ్ లోయలో తరచు మధ్యాహ్నానికే కరిగిపోతుంది. శాన్ జసింటో, శాన్ గోర్గోనియో పర్వతాలు అడ్డుగా నిలవడంతో వాటి అవతలి కోచెల్లా లోయకు ఆ చల్లదనం దాదాపు అందదు. ఆ లోయలోని పామ్ స్ప్రింగ్స్‌లో 2024 జులై 5న 124 డిగ్రీల ఫారన్‌హీట్, అనగా సుమారు 51 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. అనంతపురం ఎండలెరిగిన శరీరానికి సైతం ఇది వేరే లెక్క.

కావున మహానగరం పేరిట వచ్చే సూచనను పక్కనపెట్టి, జాతీయ వాతావరణ సేవ వెబ్‌సైట్‌లో వెళ్లదలచిన ఊరి జిప్ కోడ్ ఇచ్చి చూడాలి. అందులో ‘వాచ్’ అంటే ముప్పుకు అవకాశం ఉందని, ‘వార్నింగ్’ అంటే ముప్పు ఆసన్నమైందని లేదా మొదలైందని గ్రహించాలి. జులై నుంచి సెప్టెంబరు వరకు మెక్సికో వైపు నుంచి వచ్చే తేమ వల్ల కొండలపై ఉరుములతో వాన పడితే, దిగువన ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎండిన వాగుల్లోకి ఆకస్మికంగా వరద రావచ్చు కనుక, నీరు పారుతున్న రోడ్డును కారులో దాటే ప్రయత్నం చేయరాదు.

ప్రయాణాన్ని నవంబరుకు మార్చుకోగలిగితే అదే ఉత్తమం. ఆగస్టు తప్పనిసరైతే, వేడి వార్నింగ్ లేని రోజున ఉదయాన్నే బయలుదేరి, కారులో సరిపడా నీరు ఉంచుకోవాలి. గుండె జబ్బుకు, రక్తపోటుకు మందులు వాడేవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. ఎండలో ఎవరికైనా మాట తడబడినా, స్పృహ తప్పినా నీడకు చేర్చి, ఒంటిని తడి గుడ్డలతో చల్లబరుస్తూ వెంటనే 911కు ఫోన్ చేయాలి.