నాన్న ఎక్కడ కూర్చోవాలి?

మీ ఇంట్లో పాడే పిల్లో, గిటారు వదలని పిల్లాడో ఉంటే, క్లాసుల ఫీజులూ పోటీల తేదీలూ కాసేపు పక్కనపెట్టి అరవై ఏళ్ళు దాటిన ఒక అమెరికా ఆల్బమ్ వినండి. పేరు ‘సర్ఫర్ గర్ల్’. 1963 సెప్టెంబరులో కాపిటల్ కంపెనీ విడుదల చేసింది. పాడినవాళ్ళు బీచ్ బాయ్స్. అంటే బ్రయాన్, డెనిస్, కార్ల్ అనే ముగ్గురు విల్సన్ అన్నదమ్ములు, వాళ్ళ మేనత్త కొడుకు మైక్ లవ్, ఎదురింటి కుర్రాడు డేవిడ్ మార్క్స్. బ్రయాన్ చదువుకునే రోజుల నేస్తం అల్ జార్డిన్ కూడా మధ్యలో వచ్చి చెయ్యివేశాడు. పాటలనిండా అలలూ, కార్లూ, అమ్మాయిలూ. ఇంతకీ వీళ్ళలో నిజంగా సర్ఫింగ్ చేసింది డెనిస్ ఒక్కడే!

ఇల్లు లాస్ ఏంజెలెస్ దగ్గర హాథార్న్‌లో. తండ్రి మరీ విల్సన్‌ది యంత్రాల వ్యాపారం. పాటలు రాసేవాడు గానీ పెద్దగా పేరు రాలేదు. ఆయన చేసిన మంచి పని ముందు చెప్పాలి. గ్యారేజీని సంగీతం గదిగా మార్చాడు. అందులో పియానో, ఆర్గాన్ పెట్టించాడు. తల్లి ఆడ్రీ ఆర్గాన్ వాయించేది. పదహారో పుట్టినరోజుకి బ్రయాన్ చేతికి టేప్ రికార్డర్ వచ్చింది. ఇక వాడు ఫోర్ ఫ్రెష్‌మెన్ అనే గాయక బృందం రికార్డులు మళ్ళీమళ్ళీ తిప్పి, నాలుగు గొంతుల్లో ఏ గొంతు ఏ స్వరం పడుతోందో విడదీసి, ఒక్కొక్కటీ తమ్ముళ్ళకీ అమ్మకీ నేర్పేవాడు. అప్పటికే వాడికి కుడిచెవి దాదాపు వినపడదు. ఒక్క చెవితో పట్టిన స్వరాలవి.

రాత్రిపూట ముగ్గురూ ఒకే గదిలో పడుకునేవాళ్ళు. దీపం ఆర్పాక పక్కల మీదే బ్రయాన్ తమ్ముళ్ళ చేత గొంతులు కలిపించేవాడు. ఈ ఆల్బమ్‌లో ‘ఇన్ మై రూమ్’ అనే పాట ఉంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటి చరణం వినండి. ముందు బ్రయాన్, తర్వాత కార్ల్, తర్వాత డెనిస్, ఒకరి వెనక ఒకరు వచ్చి చేరతారు. ఆ కలయిక పడకగదిలో వచ్చింది, మాస్టారుగానీ పరీక్షగానీ లేని చోట. అందుకే అడుగుతున్నాను: మీ పిల్లలకి వారంలో ఎవరూ అడగని గంట ఒకటైనా ఉందా? ‘ఎంతవరకు వచ్చింది, ఏదీ, అంకుల్‌కి పాడి వినిపించు’ అనకుండా?

ఆడ్రీ చేసిన పని ఇంకొకటి. డెనిస్ అల్లరివాడు, కుదురుగా సాధన చేసే రకం కాదు. వాణ్ని కూడా కలుపుకోవాల్సిందేనని తల్లి పట్టుబట్టింది. సర్ఫింగ్ మీద పాట రాద్దామన్న ఆలోచన వాడిదే, బ్యాండు నడక మొదలైంది ఆ పాటతోనే. ఇద్దరు పిల్లలుండి ఒకరే ‘కళాకారులు’ అయిన ఇళ్ళలో రెండోవాడు ఏం చేస్తున్నాడో కాస్త చూసుకోండి.

ఇక తండ్రి మరీ సంగతి. మేనేజరుగా కంపెనీల చుట్టూ తిరిగి 1962లో కాపిటల్‌తో ఒప్పందం తెచ్చింది ఆయనే. ఆ కష్టం కాదనలేం. ‘సర్ఫర్ గర్ల్’తో నిర్మాతగా బ్రయాన్ పేరు మొదటిసారి అట్ట మీద పడింది. అప్పుడు వాడికి ఇరవై ఒకటి. కాపిటల్ వాళ్ళ సొంత స్టూడియో వదిలి, చక్ బ్రిట్జ్ అనే ఇంజనీరు ఉన్న వెస్టర్న్ రికార్డర్స్‌లో ఎక్కువగా పని చేసుకున్నాడు. కానీ 1963 ఒక్క ఏడాదిలోనే మూడు ఆల్బమ్‌లు, పైగా ఊరూరా కచేరీలు. తండ్రి కోపిష్టి, చెయ్యి చేసుకునేవాడని కొడుకులే తర్వాత చెప్పారు. 1964లో ఆయన్ని మేనేజరు పనిలోంచి తప్పించారు. ఆ డిసెంబరులో హ్యూస్టన్ వెళ్ళే విమానంలో బ్రయాన్ భయంతో కుప్పకూలాడు, ఆ తర్వాత కచేరీల ప్రయాణాలు మానేశాడు.

1965లో ‘హెల్ప్ మీ రోండా’ రికార్డింగుకి మరీ వచ్చి కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నాడు. టేపు తిరుగుతూనే ఉంది, అది ఇప్పటికీ ఉంది. ఒక మాట మెచ్చుకుంటాడు, మరుక్షణం కించపరుస్తాడు, మనసుపెట్టి పాడటం లేదంటాడు, ఇన్నేళ్ళూ తాను కాపాడిన సంగతి గుర్తుచేస్తాడు. బ్రయాన్ గొంతు బిగుసుకుపోవడం తెలుస్తూనే ఉంటుంది. నాకు వినడం కష్టమైంది, ఎందుకంటే ఆ మాటల్లో సగం మన ఇళ్ళలోనూ రోజూ వినపడేవే. గ్యారేజీ ఖాళీచేసి ఇచ్చిన మనిషే గాజు అవతల కూర్చుని పాటని బిగదీస్తున్నాడు. పిల్లలు పాడే గదికి మీరు తలుపు తీసి ఇవ్వండి, టీ ఇచ్చి బయటికి రండి. శ్రుతి తప్పిందని చెప్పడానికి గురువుగారున్నారు. మీకు తీరని కోరిక ఉంటే మీరే హార్మోనియం నేర్చుకోండి, యాభైలో మొదలుపెట్టినా ఎవరూ ఏమీ అనరు.

డబ్బు సంగతి ఎవరూ ఎత్తరుగానీ నేను ఎత్తుతాను. 1969లో తండ్రి మరీ, బ్రయాన్ పాటల హక్కులున్న కంపెనీని 7 లక్షల డాలర్లకి అమ్మేశాడు. బ్రయాన్‌కి ఆ దెబ్బ జీవితాంతం గుర్తుండిపోయింది, కోర్టుదాకా వెళ్ళాడు. ఈరోజు మీరు పాప పాటలకి యూట్యూబ్ ఛానెల్ పెట్టారనుకోండి. పాస్‌వర్డ్ మీ దగ్గరుంటే ఉండనీ, వచ్చిన రూపాయి మాత్రం పాప పేరున్న ఖాతాలో వెయ్యండి. ఏటా ఒకసారి లెక్క చూపించండి, అర్థం కాకపోయినా సరే. పద్దెనిమిది నిండాక ఛానెల్ మూసేస్తానంటే, ఎంతమంది చూస్తున్నారో ఏకరువు పెట్టకుండా మూసెయ్యనివ్వండి.