చెఱకు ప్లాస్టిక్కు: మంచిచెడ్డలు

బోధను శక్కర్‌నగరమున 1937లో స్థాపితమై 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారమును మన రైతులెఱుగుదురు. చక్కెర తీయగా మిగిలిన మడ్డినుండి ఆల్కహాలును, ఆల్కహాలునుండి ఎథిలీను వాయువును, దానినుండి పాలిథీనును చేయవచ్చును. బ్రెజిలు దేశమున 2010 నుండి చెఱకు ఆల్కహాలుతో పాలిథీనును పెద్దయెత్తున చేయుచున్నారు.

చెఱకు పెరుగునపుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించును, ఇది లాభము. అయితే పైరునకు పెట్టిన నీరు, యూరియా, మిల్లున కాల్చిన ఇంధనము ఖర్చు క్రింద వ్రాయవలయును. అంతకన్న ముఖ్యమైనది వేఱొకటి కలదు. చెఱకునుండి పుట్టినంత మాత్రమున పాలిథీను మట్టిలో కుళ్లదు. గుణమున అది ముడినూనెనుండి చేసిన పాలిథీనే.

కావున పసుపు చేనికి మల్చింగు షీటు కొనునపుడు “దేనితో చేసిరి?” అని మాత్రమే గాక “మట్టిలో కలియునా?” అనియు అడుగవలయును. కలియనిదానిని పంట తీసిన వెంటనే ఏరివేయవలయును. దున్నిగాని కాల్చిగాని పోగొట్టరాదు.