భారము దించిన లేవీయుడు

పఠింపవలసిన భాగములు: సంఖ్యాకాండము 8:23-26, లేవీయకాండము 25:32-34, లూకా 12:13-21.

పనినుండి విరమించు వయస్సును గూర్చి ధర్మశాస్త్రములో ఒక విధి కలదనిన, ఏండ్ల తరబడి బైబిలు చదివినవారు కూడ ఆశ్చర్యపడుదురు. సంఖ్యాకాండము 8వ అధ్యాయపు చివరి వచనములలో అది యున్నది. లేవీయుడు 25వ యేట గుడారపు పనిలో ప్రవేశించి, 50 ఏండ్లు నిండగానే దానిని విడువవలెను. యాజకులకు ఇట్టి పరిమితి చెప్పబడలేదు. ప్రవక్తలకును లేదు. మోషే ఫరో యెదుట మాటలాడునాటికి 80 ఏండ్లవాడు. కాలేబు 85వ యేట కొండసీమను తన స్వాస్థ్యముగా అడిగెను. కనుక 50 అనునది భక్తులందరికిని గీచిన గీత కాదు. లేవీయునికే ఇది యేల విధింపబడెను?

జవాబు అతని భుజము మీద నున్నది. మేఘము లేచినప్పుడెల్ల ప్రత్యక్షపు గుడారమును విప్పి, మోసికొనిపోయి, మరల నిలువబెట్టవలెను. మెరారీయుల వంతుకు వచ్చినవి పలకలు, అడ్డకఱ్ఱలు, స్తంభములు, దిమ్మలు. వెండి దిమ్మలే 100. ఒక్కొక్కటి ఒక తలాంతు, అనగా రమారమి 34 కిలోగ్రాములు (నిర్గమ 38:27). ఆ పనికి 4 బండ్లు, 8 ఎద్దులు ఇయ్యబడెను. తెరలు మోయు గెర్షోనీయులకు 2 బండ్లు, 4 ఎద్దులు. కహాతీయులకు బండియే లేదు. మందసము, బల్ల, దీపవృక్షము, బలిపీఠములు మనుష్యుల భుజములమీదనే సాగవలెను (సంఖ్యా 7:6-9). 30 మొదలు 50 ఏండ్ల వరకు ఈ పనికై లెక్కింపబడిన లేవీయులు 8,580 మంది. తరువాత దావీదు కాలమున, మోయు పని తీరిపోయినదను కారణముచేత, లేవీయుల లెక్క 20వ యేటినుండి మొదలుపెట్టబడెను. అక్కడ 50 ఏండ్ల ముగింపు ప్రస్తావన లేదు (1 దిన 23:24-27). భారము మారగానే వయస్సు మారినది. ఆ విధి వెనుకనున్నది మోయువాని నడుము ఎంతవరకు ఓర్చునో యెరిగిన దేవుని దయ.

ఇక్కడ తెలుగు పాఠకునికి ఒక చిక్కు కలదు. మన భాషలో 'సేవ' యను ఒక్క మాటకు పనులెక్కువ. హెబ్రీ మూలములో రెండు మాటలు వేరువేరుగా నిలిచియున్నవి. లేవీయుడు మానవలసినది 'అవోదా'. యాకోబ్ మిల్గ్రోమ్ అను యూదా పండితుడు లేవీయుల పదజాలముపై 1970లో ప్రచురించిన గ్రంథములో, ఈ భాగములలో ఆ మాటకు శరీరశ్రమ యనియే అర్థమని వాదించెను. మానకూడనిది 'మిష్మెరెత్', అనగా కావలి, అప్పగింపబడినదానిని కాపాడు బాధ్యత. 50 దాటిన లేవీయుడు గుడారమునొద్ద తన సహోదరులకు తోడుగా నిలిచి ఆ కావలి కాయును. శ్రమ మాత్రము చేయడు. రెంటిని 'సేవ' యనియే తెలిగించిన యెడల, అతడు సేవ మాని సేవ చేయునని వింతగా వినబడును. 'మోత' యనియు 'కావలి' యనియు విడదీసి చదివిన విషయము తేటపడును.

11వ శతాబ్దమున ఫ్రాన్సు దేశములోని త్రోయ్ పట్టణమున జీవించిన రాషీ ఈ వచనమునకు వ్రాసిన వ్యాఖ్య బహు చిన్నది. భుజముపై మోయుట మానినవాడు ద్వారములు మూయుటకును, పాడుటకును, బండ్లకు సామాను ఎత్తుటకును తిరిగి వచ్చునని దాని సారాంశము. సంఘపు తాళపుచెవులు ఇరువది యేండ్లుగా మొలను కట్టుకొని తిరుగు పెద్దలు ఈ వ్యాఖ్యను తమకు అనుకూలముగా చదువుకొందురేమో గాని, రాషీ చెప్పినది రాత్రివేళ తలుపు వేయు పనియే, పెత్తనము గాదు. వచనము అతనిని సహోదరుల నడుమ నిలుపుచున్నది. నిన్నటివరకు తన చేతిక్రింద పని నేర్చుకొన్న పిన్నవాని ప్రక్కన నిలువబడి, ఆ పిన్నవాడు చూపిన మూటను అందించుట 50 ఏండ్ల లేవీయుని వంతు. దిమ్మ మోయుటకంటె ఇది కొందరికి కష్టతరము.

పని మానిన ఈ మనుష్యుడు ఏమి తిని బ్రదికెను? లేవీయులకు ఇతర గోత్రములవలె భూస్వాస్థ్యము లేదు. 48 పట్టణములలో ఇండ్లు, వాటి చుట్టు పశువుల మేతకై పొలములు, ప్రజలు తెచ్చు దశమభాగములు, అంతే. ఇల్లు అమ్ముకొనవలసి వచ్చినను దానిని ఎప్పుడైనను విడిపించుకొను హక్కు వారికి కలదు. పట్టణపు పొలమును మాత్రము అమ్మనే కూడదు. తమకు వచ్చిన దశమభాగములో దశమభాగమును, అందులో శ్రేష్ఠమైనదానిని, వారు తిరిగి అర్పింపవలెను (సంఖ్యా 18:26-29). 25 ఏండ్లు మోసినవానికి కొట్లు నిండు మార్గమేదియు ధర్మశాస్త్రములో కనబడదు. 49వ యేట అతని కంచములో నున్నదే 51వ యేటను ఉండెననుకొనుటకు అభ్యంతరము లేదు. అతని కంచము మొదటినుండియు మితమైనది. అందుచేతనే విరమణ దానిని చిన్నది చేయలేకపోయెను. నేటి ఉద్యోగికి విరమణ యనగానే గుండె జారుటకు వయస్సుకంటె, జీతముతోపాటు పెరుగుచు వచ్చిన ఇంటి అవసరములే హెచ్చు కారణము.

1983 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించినప్పుడు, అప్పటికే 55 దాటినవారు ఆ నెలాఖరుననే ఇంటిదారి పట్టవలసివచ్చెను. కూతురు పెండ్లికి 58వ యేటిని గురి పెట్టుకొన్న తండ్రికి మూడేండ్లు ఒక్క దినమున పోయినవి. మరుసటి సంవత్సరము పరిమితి మరల 58 చేయబడెను. పిమ్మట అది పెరుగుచునే వచ్చినది: కేంద్రములో 1998లో 60, తెలంగాణలో 2021లో 61, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62. అయినను 20 సంవత్సరముల సర్వీసు నిండిన కేంద్ర ప్రభుత్వోద్యోగి, 3 నెలలు ముందుగా తెలియజేసి, స్వచ్ఛందముగా వైదొలగుటకు నియమములు అవకాశమిచ్చుచున్నవి. ఆ ద్వారమును సమీపించువానికి ధైర్యముకంటె ముందు ఇంటి ఖర్చుల పుస్తకము కావలెను.

ఖరగ్‌పూరు రైల్వే వర్క్‌షాపులో తెలుగు కుటుంబములు తరతరములుగా పనిచేయుచున్నవి. అట్టి కుటుంబమొకదానిని మనస్సులో నుంచుకొని లెక్క చూడవచ్చును. ఇంటి యజమాని ఫిట్టరు, వయస్సు 52. 2004 జనవరికి ముందే చేరినవాడు గనుక పాత పింఛను విధానములో నున్నాడు. పనిని 55వ యేట విడిచి, ఆ ప్రాంతపు తెలుగు పిల్లలకు సాయంకాలము తెలుగు చదువు చెప్పవలెనని అతని కోరిక. అతనికి రాబోవు పింఛను చివరి మూలవేతనములో సగము, దానిపై కరవు భృతి. ఓవర్‌టైము ఉండదు, రాత్రి డ్యూటీ భత్యము ఉండదు, క్వార్టరు ఉండదు. ఇవన్నియు ఒక్కనాడే తెలిసికొనువాడు దిగాలుపడును. నేడే తెలిసినవాడు, రాబోవు పింఛనెంతయో ఆ మొత్తముతోనే ఇప్పటినుండి ఇల్లు గడిపి చూచును. మొదటి సంవత్సరము సహకార సంఘపు అప్పు తీరును. రెండవ సంవత్సరము చీటీలు ఆగును. మూడవ సంవత్సరమునాటికి ఆ మొత్తము చాలునో చాలదో తేలిపోవును. చాలనియెడల మరి రెండేండ్లు పనిలోనుండుట అవిశ్వాసము కాదు.

లేవీయుని ప్రవేశ వయస్సు 4వ అధ్యాయములో 30, 8వ అధ్యాయములో 25 అని యున్నది. ఈ తేడాను పూర్వపు రబ్బీలు ఒక చక్కని వివరణతో సరిచేసిరి: 25వ యేట వచ్చి, 5 సంవత్సరములు నేర్చుకొని, 30వ యేట భారమెత్తును. భుజమునకెత్తుకొనుటకు ఐదేండ్ల అభ్యాసము కావలసినప్పుడు, దించుటకు మూడేండ్లయినను పట్టుట న్యాయమే గదా.

పింఛను విషయములో మరియొక మాట. పాత విధానములోని కేంద్రోద్యోగి తన పింఛనులో 40 శాతమువరకు అమ్ముకొని ఏకమొత్తము తీసికొనవచ్చును. ఆ తగ్గిన భాగము 15 సంవత్సరముల తరువాతనే తిరిగి కలియును. ఇల్లు లేనివానికి ఇది ఇల్లగును. కాని మూడు దినముల పెండ్లి పందిరికి, వచ్చిన బంధువులలో సగముమందికి పేరైనను గుర్తుండని విందుకు, ఆ మొత్తము కరిగిపోవుట మన సంఘములలో కనబడుచున్న సంగతియే. లేవీయుని పొలమును అమ్మకూడదనిన శాసనకర్త ఇట్టి దినమును ఎరిగినవాడే.

ఇంతవరకు లెక్క పురుషునిది. అతని భార్యకు విరమణ ఏ యేట? ఇంటిలో నిరాడంబరత యని పురుషుడు తీర్మానించును. పనిమనిషిని మాన్పించిన పిదప అంట్లు తోమునది ఆమె. పప్పు రుబ్బునది ఆమె, కిరాణా కొట్టులో అరువు చెప్పునది ఆమె. ఒకరి భుజమునుండి దించిన దిమ్మ మరియొకరి నెత్తికెక్కిన, గుడారము తేలికపడదు. మెరారీయులు మోయవలసిన వస్తువులను పేరుపేరున అప్పగింపవలెనని మోషేకు ఆజ్ఞ కలిగెను (సంఖ్యా 4:32). అట్లే ఆ భార్యాభర్తలు కూర్చుండి, నీళ్లు పట్టునదెవరు, బజారుకు పోవునదెవరు, వృద్ధురాలైన అత్తగారిని ఆసుపత్రికి తీసికొనిపోవునదెవరు అని పేరుపేరున వ్రాసికొనిన యెడల, తెలుగు బడికంటె ముందుగా ఆ ఇంటిలోనే సేవ మొదలగును. ఆదాయము తగ్గగానే మొట్టమొదట కోతపడునది కానుక. కొన్ని తెలుగు సంఘములలో స్త్రీలు ఎసట్లో బియ్యము పోయకముందే పిడికెడు తీసి ప్రభువుకొరకు వేరుగా ఉంచు వాడుక కలదు. కుండ చిన్నదైనను పిడికిలి చిన్నదికాదు. ఈ ఉపాయము వారికి ఏ ఆర్థికవేత్తయు నేర్పలేదు.

ముందుగా కూడబెట్టుకొని త్వరగా విశ్రమింపగోరువాడు లూకా 12వ అధ్యాయములోని ధనవంతుడు కాడా యని కొందరడుగుదురు. ప్రశ్న సమంజసమైనదే. కాని కూడబెట్టుట మాత్రమే అతని తప్పయినయెడల, ఏడు సంవత్సరములు అయిదవ భాగము చొప్పున ధాన్యము నిలువచేయించిన యోసేపును ఏమనవలెను? ధనవంతుని మాటలను మరల చదివి చూడవలెను. పంట, కొట్లు, ఆస్తి, ప్రాణము అన్నియు తనవే. అతడు మాటలాడునది తనతోనే. భార్య లేదు, కూలివాడు లేడు, పొరుగువాడు లేడు. అతని విశ్రాంతిలో మరియొక మనుష్యుడు కూర్చుండుటకు పీట లేదు. యోసేపు కొట్ల తలుపులు ఐగుప్తీయులకును, కనానునుండి వచ్చిన సహోదరులకును తెరవబడెను.

ఆ ఫిట్టరు ఇంటికి మట్టి మోసిన కూలికి పింఛను లేదు. 50వ యేట అతని నడుము లేవీయుని నడుముకంటె ముందే వంగినది, అయినను రేపు పనికి పోనియెడల పొయ్యి వెలగదు. విరమించు స్వేచ్ఛ సంఘములో కొందరికే కలదనునది మరువరాని సంగతి. త్వరగా భారము దించగలిగినవాని ఉదయకాలములు అట్టివారికి కొంత ఋణపడియున్నవి. ఆ కూలివాని వృద్ధాప్య పింఛను దరఖాస్తు పూరించుట, బ్యాంకులో అతని ప్రక్కన నిలుచుట, అతని మనుమనికి అక్షరములు దిద్దించుట కావలి కిందికే వచ్చును.

లేవీయుడు కాకపోయినను గిలాదీయుడైన బర్జిల్లయి ఇక్కడ జ్ఞాపకము వచ్చును. దావీదు పారిపోయి మహనయీములో నున్నప్పుడు పడకలు, పాత్రలు, గోధుమలు, చిక్కుడుకాయలు, తేనె తెచ్చినవారిలో అతడొకడు. రాజు తిరిగి వెళ్లుచు, యెరూషలేములో తన బల్లయొద్దనే అతనిని పోషింతుననెను. 80 ఏండ్ల ఆ మనుష్యునికి ధనమునకు కొదువ లేదు, ఆహ్వానము రాజుది. అయినను తినినదాని రుచి తనకు తెలియుట లేదనియు, గాయకుల స్వరము వినబడుట లేదనియు, రాజునకు తానొక భారముగా ఉండనేల యనియు, తలిదండ్రుల సమాధి యున్న ఊరిలోనే చనిపోవుదుననియు చెప్పి, తనకు బదులుగా కింహామును పంపెను (2 సమూ 19:31-40). జనులందరు యొర్దాను దాటిరి. రాజు ముసలివానిని ముద్దుపెట్టుకొని దీవించెను. కింహాము రాజుతోకూడ గిల్గాలునకు పోయెను; బర్జిల్లయి తన ఊరికి తిరిగి వెళ్లెను.