దీవి రేవులో ఐదారు గంటలు

ఆమదాలవలసలో, బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని రాసి ఉండే మన స్టేషన్‌లో బండెక్కి క్రూయిజ్ షిప్పు ఉద్యోగానికి వెళ్లే కుర్రాడిని చూసి ఊరంతా ఒకటే మాట అంటుంది: "నీకేటి బావూ, దీవులన్నీ తిరిగొస్తావు." షిప్పు తిరుగుతుంది, నిజమే. కానీ కిచెన్‌లో పళ్లాలు కడిగేవాడికీ, లాండ్రీలో దుప్పట్లు మడిచేవాడికీ ఆ తిరగడం తెలియదు. వాళ్లు పనిచేసే డెక్కుల్లో చాలావాటికి కిటికీ కూడా ఉండదు. కరీబియన్ రేవులన్నీ దాటి, ఒక్క కొబ్బరిచెట్టు దగ్గరికైనా వెళ్లకుండా కాంట్రాక్టు ముగించుకుని ఇంటికొచ్చినవాళ్లు ఉంటారు. ఒడ్డున దొరికే పూటను ఎలా గడపాలో కూడా ఈ ఉద్యోగంలో నేర్చుకోవాల్సిందే.

ముందు హక్కు సంగతి. ఒడ్డుకు దిగే సెలవును షోర్ లీవ్ అంటారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో చేసిన సముద్ర కార్మిక ఒప్పందంలో, సిబ్బంది ఆరోగ్యం కోసం, వారి పని అవసరాలకు లోబడి, ఈ సెలవు ఇవ్వాలని ఉంది. భారత్ 2015లో ఈ ఒప్పందాన్ని ఆమోదించింది. విశ్రాంతి లెక్కా అందులోనే ఉంది: ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ ఏడు రోజుల్లోనైనా 77 గంటలు. "పని అవసరాలకు లోబడి" అన్నచోటే మెలిక. షిప్పు రేవులో ఉన్నప్పుడు కూడా అగ్నిప్రమాదం లాంటివాటికి సిద్ధంగా కొంతమంది లోపలే ఉండాలి. దీన్ని ఇన్‌పోర్ట్ మ్యానింగ్ అంటారు. ఆ జాబితా ముందే వస్తుంది కాబట్టి రాగానే చూసుకోండి. మీకు ఇష్టమైన రేవు రోజున మీ పేరు పడితే, మార్పిడికి వీలుందేమో సూపర్‌వైజర్‌ను అప్పుడే అడగండి. షిప్పు దిగే మెట్ల దారి, అంటే గ్యాంగ్‌వే, దగ్గరికొచ్చాక అడిగితే ఎవరూ వినరు.

ఒడ్డున గడిపే గంటలు కూడా మీ విశ్రాంతి లెక్కలోకే వస్తాయని మరవొద్దు. రాత్రంతా డ్యూటీ చేసి, పొద్దున్న ఒడ్డంతా తిరిగి, సాయంత్రం మళ్లీ యూనిఫాం వేసుకుంటే కాగితం మీద విశ్రాంతి ఉంటుంది, ఒంట్లో ఉండదు. అలాంటి రోజు రెండు గంటలు దిగి, గాలి పీల్చుకుని, తిరిగొచ్చి పడుకోవడం తెలివైన పని.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. పాస్‌పోర్టు సాధారణంగా షిప్పు ఆఫీసులోనే ఉంటుంది. మీ చేతిలో క్రూ కార్డు ఉండాలి, ఆ దేశం అడిగితే షోర్ పాస్ ఉండాలి. అమెరికా రేవుల్లో దిగాలంటే సిబ్బందికిచ్చే సీ1/డీ వీసా కావాలి. రేవులో మీ షిప్పు తరఫు ఏజెంటు ఫోన్ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువమంది దెబ్బతినేది టైము దగ్గర. షిప్పు టైము వేరు, దీవి టైము వేరు. మెక్సికోలోని కోజుమెల్ దీవినే తీసుకోండి. ఆ దీవి ఉన్న రాష్ట్రంలో ఏడాది పొడవునా గడియారం మార్చరు. ఫ్లోరిడా నుంచి బయలుదేరే షిప్పులో వేసవిలో ఫ్లోరిడా టైమే నడిస్తే, కోజుమెల్‌లో 3 గంటలప్పుడు షిప్పులో 4 అవుతుంది. సెల్‌ఫోన్ మాత్రం తనంతట తానే దీవి టైముకు మారిపోతుంది. అందుకే చేతికి మామూలు వాచీ పెట్టుకుని, దాన్ని షిప్పు టైము మీదే ఉంచండి. సిబ్బంది రావాల్సిన సమయం ప్రయాణికులకు చెప్పిన సమయం కాకపోవచ్చు. క్రూ బోర్డులో చూడండి. షిప్పు తప్పిపోతే తర్వాతి రేవుకు విమానం ఖర్చు, విచారణ, ఒక్కోసారి ఉద్యోగం కూడా.

ఇక ఆ పూట ఏం చేయాలి? నా సలహా: తక్కువ చేయండి. చాలామంది రేవు గేటు బయట ఉచిత వైఫై ఉన్న హోటల్ చూసుకుని, అక్కడే కూర్చుని ఫోన్‌తో పూటంతా వెళ్లదీస్తారు. ఇంటికి ఫోన్ చేయాల్సిందే, కాదనను. కోజుమెల్‌లో ఉదయం 10 అయితే ఆమదాలవలసలో రాత్రి 8:30, అమ్మానాన్నలు అన్నాలు తినే వేళ. అరగంట మాట్లాడండి, ఆ తర్వాత ఫోన్ జేబులో వేసుకోండి. టాక్సీవాడు చెప్పే ఐదు చోట్ల ప్యాకేజీ వద్దు. ఒక్క బీచో, ఒక్క సంతో చాలు.

ఒక్కోసారి ఆ ఒక్క చోటే మనవాళ్ల కథ ఎదురవుతుంది. మారిషస్‌లో పోర్ట్ లూయీ రేవు పక్కనే ఆప్రవాసీ ఘాట్ ఉంది. 1849 నుంచి ఒప్పంద కూలీలను దించిన చోటది, 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అలా దిగినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. నేటికీ అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం. ఫిజీకి 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లిన కూలీల్లో అప్పటి విశాఖపట్నం జిల్లావాళ్లూ ఉన్నారు. అండమాన్‌లో, ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలిచే పోర్ట్ బ్లెయిర్‌లో దిగితే ఇంకా దగ్గర, బజారులో మన యాసే వినబడవచ్చు.

నీళ్ల దగ్గర జాగ్రత్త. నాగావళిలో ఈత నేర్చుకున్నవాళ్లం మనం, సముద్రం లెక్క వేరు. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఎదురీదకండి. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి. ఎర్రజెండా ఉంటే దిగనేవద్దు. మందు విషయంలో, భద్రతా విధుల్లో ఉన్నవారికి అంతర్జాతీయ పరిమితి రక్తంలో 0.05 శాతం. కంపెనీ నియమం ఇంకా గట్టిగా ఉండొచ్చు. సాయంత్రం డ్యూటీ ఉంటే ముట్టకపోవడమే తేలిక లెక్క. పగడాలు, పెద్ద శంఖాలు కొని తేవొద్దు, చాలావాటిపై నిషేధం ఉంది. అండమాన్‌లోనైతే వన్యప్రాణి చట్టం కింద కేసే. పళ్లు, మాంసం షిప్పులోకి రానివ్వరు.

నెలల తరబడి, కారణం చెప్పకుండా, మిమ్మల్ని దిగనివ్వకపోతే? ముందు చెప్పిన సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం షిప్పులో ఫిర్యాదు పద్ధతి ఉండాలి. అక్కడ పని జరగకపోతే రేవులోని ప్రభుత్వ తనిఖీ అధికారికి చెప్పుకోవచ్చు. ఫిర్యాదు చేసే ముందు మీ పని గంటలు, విశ్రాంతి గంటలు రోజూ ఓ చిన్న నోట్‌బుక్‌లో రాసుకుని ఉంచండి. సంతకం పెట్టించుకునే షీట్‌లో ఉన్న అంకెలు, మీరు రాసుకున్న అంకెలు కలవకపోతే చూపించడానికి అదే ఆధారం.

ఇంకా షిప్పు ఎక్కనివారు, ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ నౌకాయాన శాఖ డీజీ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్ఎల్ (నావికుల నియామక) లైసెన్సు ఉందో లేదో ఆ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. మెడికల్, సీడీసీ (నావికుల గుర్తింపు పుస్తకం), పాస్‌పోర్టు ఖర్చులే మీవి. వీసా ఖర్చు షిప్పు యజమానిదే. సీ1/డీ కోసమని ఎవరైనా మీ నాన్నగారి చేత పొలం తాకట్టు పెట్టిస్తుంటే అక్కడే ఆగండి.